నానమ్మ పాడని పాట

థియా పైబస్‌ని క్రితం వారం మనం లోయ రేడియో స్టూడియోలో, చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, ఊపిరి బిగబట్టుకుని కూర్చున్న చోట వదిలిపెట్టాం. ఏడేళ్ళుగా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనే రెండు బ్యాండ్లు, అంటే థియా నడిపే 'డల్సీస్ డాటర్స్', ఫెర్గస్ లేడ్ నడిపే 'కోల్డ్ ఫెర్రీ', ఎలాగో రాజీపడి, ఆపిల్ పెట్టెలు సర్దే షెడ్డులో ఒకే మైకు చుట్టూ మోచేతులు తగిలేలా నిలబడి 'రెండు ఒడ్లు' అనే రికార్డు చేశాయి. గురువారం అది జనం చేతికొచ్చింది. శనివారం పొద్దున్నే లోయ రేడియో నడిపే మార్గీ దాన్ని మొదటి నుంచి చివరిదాకా వేసి, వినేవాళ్ళ ఫోన్లకు లైన్లు తెరిచింది.

హ్యూవన్ లోయలో అదొక ఆనవాయితీ. మెల్‌బోర్న్ పత్రికలు ఏం రాస్తాయన్నది తరవాతి మాట. మార్గీ కార్యక్రమంలో జనం నమిలి, మింగి, అరిగించుకుంటే తప్ప ఇక్కడ ఏ పాటా పాట కాదు. పాడినవాళ్ళు ఎదురుగా కూర్చుని ఆ నమిలే చప్పుడంతా వినాలి. తప్పించుకోవడానికి వీల్లేదు.

మొదటి ఫోను పాడి రైతు వెరా చేసింది. "మార్గీ, రెండో పాటకి నా ఆవులన్నీ కదలకుండా నిలబడిపోయాయి. మెచ్చుకునో, కోపమొచ్చో నాకైతే తెలీలేదు."

"పాలిచ్చాయా వెరా?" అడిగింది థియా.

"ఇచ్చాయి."

"అయితే మెచ్చుకున్నట్టే."

రెండో ఫోను ఎవరో పెద్దమనిషి. "ఆ బాంజో వాయించింది ఎవరండీ?"

"నేనేనండీ, ఫెర్గస్‌ని," అన్నాడు ఫెర్గస్, కుర్చీలో నిటారుగా సర్దుకుంటూ. "ఎందుకండీ?"

"ఎందుకు అని నేనే మిమ్మల్ని అడుగుదామని ఫోన్ చేశాను."

థియా నవ్వాపుకోలేక బల్ల కిందకి వంగింది. ఫెర్గస్ మొహం మాడిపోయింది. కానీ ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. కోల్డ్ ఫెర్రీ వీరాభిమాని ఒకావిడ లైన్లోకి వచ్చి, బంగారంలాంటి ఫెర్గస్ గొంతును ఆ పైబస్ పిల్ల నిలువునా ముంచేసిందని, ఏడేళ్ళ కిందట ఇద్దరూ విడిపోయినప్పుడే అందరికీ సుఖంగా ఉందని నిప్పులు చెరిగింది. ఈసారి నవ్వు ఫెర్గస్ వంతు అయింది. గాజు అద్దానికి అవతల మార్గీ ఒక చేత్తో ఫోన్లు, ఇంకో చేత్తో సాసేజ్ రోల్ పట్టుకుని, ఈ తగవును హాయిగా ఆస్వాదిస్తూ కూర్చుంది.

కానీ ఎవరు ఎటు తిరిగినా, చివరికి అందరూ వచ్చి ఆగింది ఏడో పాట దగ్గరే. దాని పేరు 'గడియ'.

గడియ తీసే ఉంచాను, వాననైనా రానీ,
నువ్వు రాని ఇంటిలోకి ఎవరో ఒకరు రానీ.

ఆ పాట ఈ లోయకు కొత్త కాదు. పెళ్ళిళ్ళలో కాదుగానీ చావులకు పాడతారు. రికార్డు కవరు మీద దాని పేరు కింద 'సంప్రదాయ గీతం, డల్సీ పైబస్ నోట విన్నది' అని ఉంది. డల్సీ అంటే థియాకు నానమ్మ. మొగుడు సముద్రంలో కలిసిపోయాక గుమ్మంలో కూర్చుని ఈ పాటే పాడుకునేదట. థియా పుట్టకముందే పోయింది. థియాకు ఆవిడ ఫొటో ఒక్కటి తెలుసు, ఈ పాట ఒక్కటి తెలుసు. అంతమాత్రానికే ఆవిడ మీద ప్రాణం పెట్టుకుంది. బ్యాండుకు ఆవిడ పేరే పెట్టింది. వేదిక ఎక్కిన ప్రతిసారీ థియా తండ్రి ఆల్బీ ఫిడేలు దించి, "ఇది మా అమ్మ పాట," అనేవాడు. దాంతో హాలంతా సద్దుమణిగేది. తరవాత థియా గొంతెత్తేది.

సరిగ్గా ఆ పాట గురించే మాట్లాడాలని మూడో లైన్లో ఎవరో ఆగి ఉన్నారని, ఆల్బీ స్టూడియోలో ఉన్నాడా అని ముందే ఆరా తీశారని మార్గీ చెప్పింది. క్రితం వారం కథ అక్కడ ఆగింది.

ఆల్బీ ఉన్నాడు. మూలన కుర్చీలో కూర్చుని, ఫిడేలు తీగె బిగించుకుంటున్నాడు. డెబ్భై దాటినా, జీవితమంతా రొయ్యల బుట్టలు సముద్రంలో దించి లాగిన చేతులు ఇంకా మోటుగానే ఉన్నాయి.

"పేరు చెప్పండమ్మా, లైవ్‌లో ఉన్నారు," అంది మార్గీ.

"నోరీన్ బ్రే. క్వీన్స్‌టౌన్ నించి." పెద్దావిడ గొంతు. వెనకాల రేకుల మీద వాన చప్పుడు. పడమటి కొండల్లో వాన ఎప్పుడూ ఉండేదే. "పాట పాడిన అమ్మాయి ఉందా?"

"నేనేనండీ, థియాని."

"చక్కగా పాడావమ్మా. లాగకుండా, ఏడవకుండా పాడావు. చాలామంది ఏడుస్తారు. మూడో చరణం ఎందుకు వదిలేశావు?"

"దానికి రెండేనండీ."

"మూడు."

థియా ప్రాణం లేచొచ్చింది. ఈ పాటలు వెదికేవాళ్ళకు ఇంతకు మించిన పండగ ఉండదు. నోటి నుంచి నోటికి పడుతూ వచ్చిన పాటకు ఎక్కడో ఓ చరణం రాలిపోతుంది. ఏ మారుమూల వంటింట్లోనో అది ఇంకా బతికే ఉంటుంది. అలాంటిదాని కోసం థియా వానల్లో, బురదల్లో ముసలివాళ్ళ ఇళ్ళ చుట్టూ తిరిగిన రోజులున్నాయి. ఇదేమో దానంతటదే ఫోన్ చేసి మరీ వచ్చింది.

"మీకెవరు నేర్పారండీ? మీ అమ్మగారా?" అంది ఆత్రంగా.

"ఎవరూ నేర్పలేదమ్మా. నేనే కట్టాను."

గాజు అద్దం అవతల మార్గీ నమలడం ఆపేసింది.

"కవరు మీద సంప్రదాయ గీతం అని వేశారట. నా కళ్ళు సరిగా ఆనవు, మా మనవరాలు చదివి వినిపించింది," అంది నోరీన్. గొంతులో కోపం లేదు, అదే థియాను ఎక్కువ భయపెట్టింది. "కట్టినవాళ్ళెవరో తెలీకపోతే, చచ్చి మట్టిలో కలిసిపోయుంటే అలా వేస్తారు కదా? నేనింకా చావలేదమ్మాయ్. ఇందాకే టీ కూడా తాగాను."

"ఆ... మూడో చరణం పాడతారా?" అంది థియా.

ఆవిడ పాడింది. ఆ గొంతుకు వయసు మీదపడింది, కానీ శృతి మాత్రం అణువంతైనా పక్కకు జరగలేదు.

కొండ కింద బస్సు ఆగింది, ఫిడేలు పెట్టె ఎక్కింది,
పెట్టె వెంట మనిషెక్కాడు, తలుపు మూసుకుంది.
ఆదివారం వస్తానన్న మాటొక్కటే దిగింది,
నా పక్కనే నడుచుకుంటూ నా ఇంటికి వచ్చింది.

తల తిప్పకూడదు, తండ్రి వైపు చూడకూడదు అనుకుంటూనే థియా చూసింది. ఆల్బీ చెయ్యి ఫిడేలు మరమీద అలాగే ఉండిపోయింది. కాళ్ళ దగ్గర నల్లటి ఫిడేలు పెట్టె. థియాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అదే పెట్టె.

ఫెర్గస్ అరచేత్తో మైకు మూశాడు. "థియా, ఈ బాణీ మరీ అంత పాతదిలా లేదని నేను షెడ్డులోనే అన్నాను. నా మీద చెప్పు తీసినంత పని చేశావు."

"ఇప్పుడా మొదలెట్టడం?"

"దెప్పడానికి కాదు. వేరే పాట వెయ్యమను మార్గీని. నువ్వూ మీ నాన్నా బయట మాట్లాడుకుని రండి. ఈలోపు నేను ఆవుల గురించో, బాంజో గురించో ఏదో ఒకటి వాగుతుంటాను."

ఏడేళ్ళలో ఫెర్గస్ ఆమెతో అంత మెత్తగా మాట్లాడింది అదే మొదలు. కానీ ఆల్బీ అప్పటికే ముందుకు వంగి మైకు తనవైపు లాక్కున్నాడు.

"అది మా అమ్మ పాట," అన్నాడు. "ఈవిడెవరో నాకు తెలీదు. చెప్పేదంతా అబద్ధం."

నోరీన్, "సరే ఆల్బీ," అంది. అంతే. కానీ ఫోన్ పెట్టెయ్యలేదు. మార్గీ బల్ల మీద మూడో లైను దీపం వెలుగుతూనే ఉంది.

మిగతా దీపాలు ఒక్కసారిగా వెలిగాయి. మార్గీ ఏ ఒక్కరినీ ఆపలేదు. ఆపితే లోయ ఆమెను బతకనివ్వదు.

"డల్సీ పైబస్ మా ఊరి మనిషి," గర్జించాడు ఫ్రాంక్లిన్ ఊరి నుంచి ఒకాయన. "మా అమ్మని ఆ పాటతోనే మట్టిచేశాం. కొండలవతల నుంచి ఎవరో వచ్చి నాది అంటే ఊరుకుంటామా? సిగ్గుండాలి!"

"బస్సు ఎక్కాడని పాడింది కదండీ," అంది ఒక చిన్న గొంతు. స్కూలు టీచరట. "డల్సీ గారి మొగుడు పోయింది సముద్రంలో కదా? మరి ఈ బస్సెక్కిందెవరు?"

"అందుకే గదా ఆ చరణం దొంగదని తెలుస్తోంది! మన పాటకి ఆ తోక ఆవిడే అతికించుకుంది!" ఇది మళ్ళీ ఇంకొకాయన.

మాటామాటా పెరిగింది. దొంగ అన్నారు, డబ్బుకోసమన్నారు, మతి చలించిందన్నారు. ఒక్కో మాటా థియాకే తగులుతున్నట్టుంది. మూడో లైన్లో ఆవిడ అవన్నీ వింటూనే ఉంది, ఒక్కదానికీ జవాబివ్వడం లేదు. ఒక్కసారైనా అరిచి ఉంటే థియాకు కాస్త తేలికగా ఉండేది.

అప్పుడు క్లారీ లైన్లోకి వచ్చాడు. తొంభై దాటిన క్లారీ ఒకప్పుడు చర్చిలో ఆర్గన్ వాయించేవాడు.

"ఏమిటర్రా ఈ గోల? డల్సీ పాడటమేమిటి?" అన్నాడు. "డల్సీకి శృతి అంటే ఏమిటో తెలీదు. మంచి మనిషే, ఆపిల్ పైలు అద్భుతంగా చేసేది. కానీ చర్చిలో ఆవిడ నోరు విప్పితే పాస్టరు గారు వాక్యం మర్చిపోయేంత పనయ్యేది. 'తల్లీ, నువ్వు ఊరికే పెదవులు కదుపు, దేవుడికి అర్థమవుతుంది,' అని నేనే బతిమాలుకున్నాను."

ఫెర్గస్ పెదవులు అదిరాయి, కానీ నవ్వలేదు. థియాకు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. ఆ ఫొటోలోని మనిషి, గుమ్మంలో కూర్చుని పాడుకునే మనిషి, ఇన్నేళ్ళు తన గొంతులో ఉందనుకున్న మనిషి... పెదవులు మాత్రమే కదిపిందా?

మార్గీ స్టేషన్ ప్రకటన ఏదో వేసి, మైకులు తెరిచి ఉన్నాయని చెప్పే ఎర్ర దీపం ఆర్పేసింది. "కాసేపే ఆపగలను," అంది అద్దం వెనక నుంచి. "తేల్చుకోండి."

థియా లేచి తండ్రి ముందు నిలబడింది. "నాన్నా."

ఆల్బీ ఫిడేలును పెట్టెలో పడుకోబెడుతున్నాడు. పసిబిడ్డను పడుకోబెట్టినట్టు, తొందరలేకుండా.

"నాన్నా, ఆవిడెవరో నీకు తెలీదా?"

ఆల్బీ పెట్టెతో చెబుతున్నట్టు చెప్పాడు. "వయసులో ఉన్నప్పుడు క్వీన్స్‌టౌన్ గనుల్లో పనికెళ్ళాను. ఓ ఏడాది. అక్కడే ఆవిడ పరిచయం. తిరిగొచ్చాక ఓ రోజు పబ్బులో ఆవిడ పాటే వాయిస్తున్నాం. ఎవడూ వినట్లేదు. కొత్త పాట అంటే ఎవడికి కావాలి? గ్లాసులు, కబుర్లు, కేకలు. నాకు కడుపు మండి, 'ఇది మా అమ్మ పాట, మా నాన్న పోయినప్పుడు పాడుకుంది,' అనేశాను. అంతే. చెంచా చప్పుడు కూడా ఆగిపోయింది. అందరూ ఏడ్చారు థియా. పాట అయ్యాక ముసలివాళ్ళు వచ్చి నా చేతులు పట్టుకున్నారు. ఇక ఎలా వెనక్కి తీసుకోను?"

"బస్సు ఉందని ఆ చరణం కోసేశావు."

"మా అమ్మ పాటలో బస్సుంటే ఎలా?"

అంత అమాయకంగా అన్నాడు! ఆ మాటకే థియాకు ఒళ్ళు మండిపోయింది. పాట దొంగిలించినవాళ్ళు తమదని చెప్పుకుంటారు. ఈయన తనదని కూడా చెప్పుకోలేదు. లేని తల్లిపాట ఒకటి పుట్టించి, దాన్ని కూతురి నెత్తిన కిరీటంలా పెట్టాడు.

"మైకులో చెప్పు," అంది. "ఇప్పుడు. ఆవిడ వింటుండగా."

"చెప్పను. నీ బ్యాండు పేరేమవుతుంది? నీ రికార్డేమవుతుంది? నీకోసమే గదా..."

"నా మీదకి నెట్టకు నాన్నా! ఆవిణ్ణి ఊరంతా దొంగ అంటోంది. నువ్వు విన్నావు. నీ చెవులతో విన్నావు!"

ఆల్బీ పెట్టె మూసి, లేచి, తలుపు వైపు నడిచాడు. ఎర్ర దీపం వెలిగింది.

కుర్చీలో కూర్చోవడానికి కూడా థియా ఆగలేదు. నిలబడే మైకు పట్టుకుంది. ఈ మాట అంటే నానమ్మ పోతుందని ఆమెకు తెలుసు. ఫొటో తప్ప ఏమీ మిగలదు. అనకపోతే మూడో లైన్లో ఆ మనిషి పోతుంది.

"నేను థియా పైబస్‌ని. కవరు మీద రాసింది తప్పు," అంది. "'గడియ' మా నానమ్మ పాట కాదు. సంప్రదాయ గీతమూ కాదు. నోరీన్ బ్రే గారు కట్టిన పాట. ఆవిడ ఒప్పుకునేదాకా మేము ఎక్కడా పాడం. ఇందాక ఆవిడని దొంగ అన్నవాళ్ళు... మీరు నమ్మింది మమ్మల్ని. కాబట్టి ఆ తిట్లన్నీ మావే."

ఫెర్గస్ తన మైకులోకి వంగి, "మా బ్యాండు మాట కూడా అదే," అన్నాడు. ఇంకేమీ కలపలేదు.

ఫోన్లో నోరీన్ గట్టిగా ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. లోయలో ఎన్నో వంటిళ్ళలో, ఎన్నో కార్లలో రేడియోలు ఆ ఊపిరినే వింటున్నాయి. మూడోది తప్ప దీపాలన్నీ ఆరిపోయాయి. ఒక్క దీపం మాత్రం కొత్తగా వెలిగింది.

మార్గీ ఫోనెత్తి విని, ముఖం పాలిపోయి థియా వైపు తిరిగింది. హెడ్‌ఫోన్స్‌లో ఆమె గొంతు నెమ్మదిగా వచ్చింది. "మీ అమ్మ. లైవ్‌లోకి ఇవ్వమంటోంది. ఇవ్వనా?"

థియా తల్లి వాలెరీ రేడియోకి ఏనాడూ ఫోన్ చేసిన మనిషి కాదు. పరాయివాళ్ళ ముందు మొగుణ్ణి పల్లెత్తు మాట అనని మనిషి. వేదిక మీద ఆల్బీ "మా అమ్మ పాట" అన్నప్పుడల్లా ముందు వరసలో కూర్చుని కళ్ళు తుడుచుకునేది. ఎవరికోసం తుడుచుకునేదో!

"ఇవ్వు," అంది థియా.

"నోరీన్ గారూ, లైన్లో ఉన్నారా?" వాలెరీ గొంతు వంటింట్లో మాట్లాడినట్టే ఉంది, నిదానంగా. "నేను ఆల్బీ భార్యని. మీరిందాక పాడిన చరణం నాకు తెలుసు. మా ఆయన బోటు షెడ్డులో బుట్టలు బాగుచేసుకుంటూ పాడుకుంటాడు. ఎవరూ లేరనుకుని. టీ తీసుకెళ్ళి, బయటే నిలబడి వినేదాన్ని. టీ చల్లారాక వెనక్కి తెచ్చి, మళ్ళీ వేడిచేసి తీసుకెళ్ళేదాన్ని."

తలుపు దగ్గర ఆల్బీ నిలబడిపోయాడు. చెయ్యి తలుపు మీదే ఉంది. స్టూడియో స్పీకర్లోంచి భార్య గొంతు వస్తోంది.

"ఒక్కటే అడుగుతాను, ఏమీ అనుకోకండి," అంది వాలెరీ. "మీరు మూడింటితో ఆపేశారు. నాలుగోది పాడలేదేం?"

"నాలుగోదా?" అంది నోరీన్.

"అవునండీ. ఆదివారం రానందుకు... అలా మొదలవుతుంది."

వాన చప్పుడు.

"నేను నాలుగోది కట్టలేదమ్మా," అంది నోరీన్. మొదటిసారి ఆ గొంతు కదిలింది.

"నేనూ అలాగే అనుకున్నాను." వాలెరీ చిన్నగా దగ్గింది. "ఆల్బీ, తలుపు దగ్గరే ఉన్నావని నాకు తెలుసు. గొడవొస్తే నువ్వుండేది అక్కడే. వెనక్కి వచ్చి పాడు. నలభై ఏళ్ళుగా నువ్వు కట్టుకున్న ఆ జవాబు నేనే విన్నాను. నాకోసం కట్టింది కాదది. వినాల్సినావిడ ఇప్పుడు లైన్లో ఉంది."

థియా మైకు ముందున్న తన కుర్చీని తండ్రి వైపు జరిపి, పక్కకు తప్పుకుని నిలబడింది.